గోడవతల నుంచి పడ్డ సూదులు

మా బడి వెనక గోడకు ఆనుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. వాళ్ల చెత్త తరచూ మా వైపే పడేది. రక్తం అంటిన దూది, పగిలిన మందు సీసాలు, వాడి పారేసిన సూదులు. ఎనభైల మొదట్లో నేను అక్కడ ఐదో తరగతి టీచర్ని.

బడి ఊడ్చే ఆయమ్మ రోజూ మడికొండ నుంచి బస్సులో వచ్చేది. చెప్పులు గేటు దగ్గరే విడిచి, పొద్దంతా వట్టి కాళ్లతో తిరిగేది.

ఒకనాడు మధ్యాహ్నం అన్నాల వేళ, ఇద్దరు ఆడపిల్లలు ఆ సూదులు ఏరుకుని డాక్టరాట మొదలుపెట్టబోతున్నారు. పరుగెత్తి లాక్కున్నాను. ఆయమ్మను కేకేశాను.

"ఇవన్నీ ఏరి పారెయ్ ఆయమ్మా, జల్దీ!"

ఆమె వంగి ఒక్కొక్కటీ ఏరి ఎడమ అరచేతిలో వేసుకుంది. అంతలో "అబ్బ" అంది. చేతి బొటనవేలి కింద రక్తపు చుక్క.

"గుచ్చుకుందా?"

"ఏం గాలే మేడం, జరంత." చెంగుకు తుడుచుకుని మళ్లీ వంగింది. గంట కొట్టారు. నేను క్లాసుకు వెళ్లిపోయాను.

రెండు నెలలు దాటాక ఆమెకు అన్నం వాసన గిట్టలేదు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో పసరు పోయించారు. తగ్గలేదు. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆదివారం నేను చూడ్డానికి వెళ్లేసరికి ఆమె ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

"ఈ మధ్య ఇంజెక్షన్లేమన్నా వేయించుకుందా?" డాక్టరు ఆమె భర్తను అడిగాడు.

"లేదు సార్."

నేను సూది సంగతి చెప్పాను. ఆయన నా వైపు తిరిగాడు.

"రక్తం నుంచి అంటుకునే కామెర్లు ఉంటాయమ్మా. వాడిన సూదులు చేత్తో తీయించారా?"

బుధవారం ఆమె చనిపోయింది.

దినాలప్పుడు వాళ్లింటికి వెళ్లి, తీయమన్నది నేనేనని ఆమె భర్తతో చెప్పాను. తిడతాడనుకున్నాను. "పని జేసేటోళ్లకు ఇసొంటియి అయితుంటయ్ మేడం," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మా హెడ్‌మిస్ట్రెస్ ఆ ఆసుపత్రికి వెళ్లి అడిగితే, "అది మా చెత్తేనని ఏం గ్యారంటీ?" అన్నారట. చివరికి మేమే గోడ ఎత్తు పెంచాం. పొడవాటి పట్టకారు, మూతున్న డబ్బా, రబ్బరు గ్లౌజులు తెప్పించాం. పిల్లలకు దెబ్బ తగిలినా రక్తం వట్టి చేత్తో ముట్టవద్దని హెడ్‌మిస్ట్రెస్ మా అందరికీ గట్టిగా చెప్పింది.

కొత్తగా చేరిన ఆయమ్మ ఒకరోజు గ్లౌజులు తీసేసి పగిలిన సీసా ముక్కలు ఏరుతోంది.

"చేతులు ఉడుకుతున్నయ్ మేడం," అంది.

పిల్లలందరి ముందే ఆమె మీద విరుచుకుపడ్డాను. ఏడుస్తూనే గ్లౌజులు తొడుక్కుంది. అలా అరిచినందుకు తర్వాత కూడా నేను ఆమెను క్షమించమని అడగలేదు.