పదమూడో చుట్టు ఒక్కడినే

కుప్పంలో నేను అద్దెకుండే మేడకు మెట్లలో మూడోది విరిగిపోయి ఉంటుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చేరిన రెండో రోజు తెల్లవారుజామున రైలుకు పరిగెడుతూ దానిమీద కాలేసి, చీలమండ బెణికి, పది రోజులు కుంటాక తెలిసింది. పోయిన నెల ఎదురు వాటాలోకి కొత్తగా ఒకాయన దిగాడు. ఆయనకు నేనూ చెప్పలేదు. ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, అద్దె తక్కువని ఇల్లు కుప్పంలో, మధ్యలో రోజూ రైలు. పదకొండు నెలలుగా నా జీవితం ఇదే. ఆదివారాలు రైలు పట్టాల పక్క మట్టిదారిలో పరిగెత్తుతాను. శనివారం సాయంత్రం టీ కొట్టులో "చక్కెర తక్కువ" అన్నాక, మళ్లీ సోమవారం దాకా నోరు విప్పని వారాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక వారంలోనే పుంగనూరు దగ్గర జరిగే ఈ పందెం గురించి చదివాను. ఇది నాలాంటివాడి కోసమే పెట్టారనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు నియమాలు తెలుసుకోవాలి. కొండ చుట్టూ, కొంత పైకెక్కి దిగుతూ పావు తక్కువ ఏడు కాదు, సరిగ్గా ఆరు పాయింట్ ఏడు కిలోమీటర్ల కాలిబాట. ప్రతి గంటకూ బెల్లు కొడతారు. అందరూ ఒకేసారి బయలుదేరి గంటలోపల తిరిగి రావాలి. తొందరగా వస్తే మిగిలిన నిమిషాల్లో తినొచ్చు, కూర్చోవచ్చు. మూడు నిమిషాలుందనగా మూడు ఈలలు, రెండుందనగా రెండు, ఒకటుందనగా ఒకటి. బెల్లు కొట్టేసరికి సున్నం గీత లోపల లేనివాళ్లు ఇంటికే. ముందెవరు వచ్చారన్న లెక్క లేదు. ఒక్కరు మిగిలేదాకా ఇలా తిరుగుతూనే ఉంటారు. ఆ మిగిలిన మనిషి ఒంటరిగా ఒకే ఒక్క చుట్టు పూర్తిచేస్తే గెలిచినట్టు, చేయలేకపోతే ఎవరూ గెలవనట్టు. ఎంత ఓపిక ఉన్నా ఆపైన పరిగెత్తనివ్వరు. నాకు గెలుపు మీద ఆశ లేదు. పదిహేను చుట్లు తిరిగితే వంద కిలోమీటర్లు. ఆ వంద కావాలి. నలభై నాలుగేళ్లొచ్చాయి, నాదంటూ చెప్పుకోవడానికి ఒక్కటైనా ఉండాలని మొండిపట్టు పట్టాను. ఆ చివరి నియమం మాత్రం చదివి వదిలేశాను.

శనివారం ఉదయం ఏడింటికి కుప్పం బస్టాండులో పలమనేరు బస్సెక్కాను. వి.కోట మీదుగా రెండు గంటలు పట్టింది. ఛార్జీ వందలోపే. ఆడవాళ్లకైతే ఆధార్ చూపిస్తే టికెట్టే లేదు. పలమనేరులో పుంగనూరు బస్సు, పుంగనూరులో మదనపల్లె బస్సు, రెండూ వెంటవెంటనే దొరుకుతాయి. పందెం పుంగనూరుకు దగ్గరే అయినా నంబరు గుడ్డలు మదనపల్లెలో ఇస్తారు కాబట్టి రాత్రి బస అక్కడే. బస్టాండు దగ్గర లాడ్జిలో ఏడు వందలకు గది దొరికింది. ఎక్కిన ప్రతి బస్సులో కండక్టరు, లాడ్జిలో గుమస్తా, అందరూ ఒకే ప్రశ్న అడిగారు: "ఒక్కరేనా?" రాత్రి మెస్సులో వడ్డించే ఆమె కూడా అదే అడిగింది.

"ఇంకెవురూ రాలేదా అప్పా?"

"లేదమ్మా, ఒక్కడినే."

"ఒక్కడివే అయితే బాగా తిను. ఇంకో ముద్ద పెడతా ఉండు," అని రాగిసంగటి పెట్టి, పక్కన చెనిక్కాయల చెట్నీ గరిటెడు వేసింది. నిజం చెప్పొద్దూ, ఆ రెండో ముద్దకు నాకు కళ్లు చెమర్చాయి. కారం ఎక్కువైందని చెప్పి లేచాను.

మర్నాడు నిర్వాహకుల వ్యాను మమ్మల్ని తెల్లారకముందే కొండ దగ్గరికి చేర్చింది. డ్రైవరు దారంతా అద్దంలో మమ్మల్ని చూస్తూ వచ్చాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"గెలిస్తే ఏమిస్తారంట సార్?"

"చెక్కపలక మీద పేరు రాసిస్తారు."

"దానికి దినమంతా తిరగల్లా? మా ఊర్లో గొర్రెలు కూడా మద్యాన్నం నీడకు పోతాయి సార్."

ఐదింటికి బెల్లు కొట్టారు. ఇరవై ఆరుగురం బయలుదేరాం. తలకు లైట్లు కట్టుకుని మొదటి రెండు చుట్లూ అందరూ నవ్వుతూ, ఫొటోలు తీసుకుంటూ పరిగెత్తారు. గీత దగ్గర ప్రతివాళ్లకూ ఒక మనిషి ఉన్నారు. ఒకరికి భార్య, ఒకరికి తమ్ముడు, ఒకరికి ఆఫీసు స్నేహితులు. రాగానే కుర్చీ వేసి, చేతికి అరటిపండిచ్చి, కాళ్లు పిసికేవాళ్లు. నేను నా సంచి ఒక వేపచెట్టు మొదట్లో పెట్టుకుని, నా అరటిపండు నేనే వలుచుకుని తిన్నాను. ఒంటరివాడి పందెం అనుకుని వచ్చిన చోట ఇంత జనం ఉంటారని తెలిస్తే రాకపోదును.

ఫిబ్రవరి నెలాఖరే కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి. పది దాటేసరికి బండలు కాలిపోయాయి. మధ్యాహ్నానికి తొమ్మిదిమందిమి మిగిలాం. మూడింటికి నలుగురం. అప్పటిదాకా నాతో మాట కలిపిన మనిషి ఒక్కరే, రెడ్డెమ్మ. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఆ కొండ కింది ఊరే. ఊరివాళ్లకు ప్రవేశ రుసుము లేదు. పైజామా మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, చెవులు కప్పేలా తువ్వాలు చుట్టుకుని, అడుగులు చిన్నగా వేస్తూ ఒకే తీరుగా సాగుతుంది.

"అదో, ఆ రేకుల కొట్టం మాదే," అని ఐదో చుట్టులో చూపించింది. "పోయినేడు ఈళ్ళు సున్నం గీసి పరిగెత్తతా ఉంటే గేటు కాడ నిలబడి సూసినా. ఇస్కూల్లో నేనూ పరిగెత్తేదాన్ని. ఆ పొద్దునుంచి దినామూ సాయంత్రం పాలు పోసొచ్చినాక ఈ దావలోనే తిరగతా ఉండా."

ఆమెకు ఆ బాటలో ప్రతి రాయీ తెలుసు. కొండ వెనక దిగుడులో ఒకచోట ఊగే రాయి ఉంది, కాలేస్తే పక్కకు తిరుగుతుంది. ముందు వెళ్తున్న రెడ్డెమ్మ అక్కడికి రాగానే వెనక్కి చూడకుండా "రాయి" అనేది. అంతే, ఆ ఒక్క మాటే. ప్రతి చుట్టులోనూ చెప్పింది. ఏడోసారి నాకూ గుర్తుంది కదా, ఇంకా చెప్పడమెందుకని నవ్వుకున్నాను. తొమ్మిదోసారికి ఆ మాట కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను.

పదకొండో చుట్టు తర్వాత మేమిద్దరమే మిగిలాం. అప్పుడు ఆ చివరి నియమం నా నెత్తిమీద పడింది. ఆమె ఎక్కడ ఆగితే అక్కడినుంచి నాకు ఒక్క చుట్టే. పదిహేను తిరగాలంటే ఆమె కనీసం పధ్నాలుగు తిరగాలి. ఎవరూ అక్కర్లేదని వచ్చినవాడి వంద కిలోమీటర్లు ఎవరో ఒకామె కాళ్లలో ఉన్నాయి.

"నాకు పదిహేను కావాలమ్మా," అన్నాను సిగ్గు విడిచి.

"పోదాం అన్నా. నాకూ బాగనే ఉండాది," అంది. కొంచెం దూరం వెళ్లాక, "ఐదు గంటల బెల్లుకు ముందర ఆవుకు పాలు పిండల్ల. ఎనిమిది నిమిసాలు సాలు నాకు. మా ఆయన లారీకి పొయ్యుండాడు. అయినా అది ఇంకొకరి చేతికి పాలియ్యదు," అంది.

పన్నెండో చుట్టు ఆమె గబగబా తిరిగింది, నేను మోకాళ్ల నొప్పితో వెనకే ఈడ్చుకొచ్చాను. నాలుగూ నలభై నాలుగుకు గీత దాటాం. ఆమె ఆగకుండా కొట్టంవైపు వెళ్లింది. గీత నుంచి నూట యాభై అడుగులుంటుంది. నేను వేపచెట్టు కింద కూర్చుని రెండు మోకాళ్లకూ నొప్పి స్ప్రే కొట్టుకున్నాను. కూర్చోబుద్ధి కాలేదు. ఆలస్యమైతే? పాలు నేను మోసి పెడితే ఒక నిమిషం కలిసొస్తుంది కదా? లేచి కొట్టంలోకి వెళ్లాను.

అదే నేను చేసిన తప్పు. రెడ్డెమ్మ పొదుగు కడిగి, అప్పుడే చెంబు పట్టుకుని కూర్చుంది. జెర్సీ ఆవు చెవులు నిక్కబొడిచి నావైపు తిరిగింది. కొత్త మనిషి, ముక్కు పగిలే మందు వాసన. కాలు విదిలించింది. చెంబులో పడుతున్న పాలధార సన్నబడి ఆగిపోయింది.

"అయ్యో, ఏం పూసుకోనొచ్చినావన్నా! ఎగజేపేసింది సూడు!" పొదుగులోకి దిగిన పాలను ఆవు మళ్లీ పైకి పట్టేసుకుందన్నమాట. "నువ్వు బయటికి పో. దూరంగా పో."

బయటికొచ్చి గేటు అవతల నిలబడ్డాను. లోపల ఆమె ఆవు మెడ నిమురుతూ దానితో ఏదో మాట్లాడుతోంది. నాతో రోజంతా మాట్లాడినదానికంటే ఎక్కువే మాట్లాడింది. మూడు ఈలలు వినిపించాయి. చెంబులో చప్పుడు లేదు. తర్వాత సన్నగా ధార మొదలైంది. రెండు ఈలలు.

"రామ్మా! మిగతాది తర్వాత పిండొచ్చు!" అని అరిచాను.

"సగం పిండి ఇడిసిపెడితే పొదుగు వాస్తాదన్నా. నువ్వు పో. యాల నిలబడుకొనుండావు? పో!"

వెళ్లాను. ఆమె కోసం నిలబడిపోలేదు, పరిగెత్తాను. ఒక ఈల. గీత లోపల నేనొక్కడినే నిలబడి కొట్టంవైపు చూస్తూ ఉన్నాను. బెల్లు కొట్టారు. రెడ్డెమ్మ గేటు దగ్గర చెంబుతో కనిపించింది, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది. నిర్వాహకుడు నా భుజం తట్టి, "ఇదే చివరి చుట్టు. మీరు తిరిగొస్తే మీరు మొదట, ఆమె రెండు. రాకపోతే ఫలితాల పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాయం," అన్నాడు.

ఆ పదమూడో చుట్టులో నాకు పట్టిన ఒంటరితనం కుప్పంలో పదకొండు నెలల్లో ఎప్పుడూ పట్టలేదు. అక్కడ అలవాటైపోయింది. ఇక్కడ అలవాటు తప్పింది. ఎండ చల్లబడింది, చెనిక్కాయ చేలమీద గాలి తిరిగింది, పరిగెత్తడానికి రోజంతటిలో అదే మంచివేళ. ఎదురుగా చూడ్డానికి ఆ తువ్వాలు లేదు. నా అడుగుల చప్పుడు నాకే విసుగు పుట్టించింది. వంద పోయింది, అది నా స్వయంకృతం. ఆమె పందెం కూడా పోగొట్టాను, అది ఇంకా తినేసింది. ఎనిమిది నిమిషాలు చాలని చెప్పిన మనిషిని ఎనిమిది నిమిషాలు నమ్మలేకపోయాను. కొండ నెత్తిమీద కూర్చుండిపోదామనిపించింది. ఇద్దరి పేర్లూ రాయరన్న మాట గుర్తొచ్చి ముందుకు కదిలాను.

దిగుడులో ఆ చోటు వచ్చింది. "రాయి," అన్నాను పైకి. వెనక ఎవరూ లేరు. నాకే చెప్పుకున్నాను. చెప్పాక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఎవరు చూస్తారు గనక.

ఐదూ యాభై రెండుకు గీత దాటాను. డేరాలు విప్పేస్తున్నారు. నలుగురు చప్పట్లు కొట్టారు, చెక్కపలక చేతిలో పెట్టారు. రెడ్డెమ్మ పాలకేంద్రం నుంచి ఖాళీ క్యాను ఊపుకుంటూ అప్పుడే వచ్చింది.

"రాయి కాడ సూసుకున్నావా?" అని అడిగింది ముందుగా.

"చూసుకున్నాను. నావల్లే నీ పందెం పోయిందమ్మా. ఈ పలక నీది."

"నాకు పలకెందుకు? నాకూ పదైదు తిరగల్లని ఉన్నింది," అంది. ఆ మాట మామూలుగానే అంది, కానీ ముఖం కొండవైపు తిప్పుకుంది. తర్వాత క్యాను కింద పెట్టి, "పాలు మాత్రం లీటరు తక్కువ ఇచ్చినాది, నీ మందు పాడుగాను!" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

వ్యాను పుంగనూరులో దింపింది. రాత్రి అక్కడే పడుకుని, సోమవారం సెలవు పెట్టి, పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరితే పదిన్నరకు కుప్పంలో ఉన్నాను. నా పేరొక్కటే రాసిన పలక గోడకు పెట్టాను. పక్కన ఇంకో పేరు లేకపోవడం చూసినప్పుడల్లా పొడుస్తుంది. ఇలాంటి పందేల గురించి చదివేటప్పుడు అందరూ చివరికి మిగిలిన మనిషి ఓర్పు గురించే రాస్తారు. మిగిలి చూశాను కాబట్టి చెబుతున్నాను: మనం ఎంతదూరం వెళ్లామన్నది పక్కవాళ్లు ఎంతదూరం వచ్చారన్న దానికి ఒక్క చుట్టు ఎక్కువ, అంతే. మంగళవారం తెల్లవారుజామున రైలుకు మెట్లు దిగుతుంటే వెనక ఎదురు వాటాయన తాళం వేస్తున్న చప్పుడైంది. మూడో మెట్టు దాటి ఆగాను. "మెట్టు," అన్నాను. "విరిగింది, చూసుకోండి." ఆయన ఫోను లైటు వేసి చూసి, దాటి, "నెల నుంచీ గోడ పట్టుకుని దిగుతున్నానండీ, మీకు తెలియదేమో అనుకున్నా," అన్నాడు. స్టేషను దాకా పక్కపక్కనే నడిచాం.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. నొప్పి స్ప్రే సంచిలోంచి తీసేయండి, మోకాళ్లకు తడిగుడ్డ చాలు. రెడ్డెమ్మ వచ్చే ఏడూ దిగుతానంది. ఆమె పాలు పిండే వేళకు మీరు వేపచెట్టు కిందనే కూర్చోండి. ఆమె వస్తుంది.