అడిగి చూపించే మనిషి

మా యూనివర్సిటీలో లైబ్రేరియన్‌గా చేసిన మేడమ్ పోయిన వారం కన్నుమూశారు. కోవూరు నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. ఏం చేయాలో తోచక హాజరు రెండోసారి తీసుకున్నాను.

మా స్నేహం తగాదాతో మొదలైంది. కోవిడ్ వల్ల పాఠాలు ఫోన్లలోకి మారిన రోజులవి. సముద్రపు వేట మీద ఒక డాక్యుమెంటరీని మా లైబ్రరీ దాని దర్శకుడి అనుమతితో తెప్పించింది. మా విద్యార్థులే, పాస్‌వర్డ్‌తో, ఆ సెమిస్టర్ వరకే చూడాలని షరతు. జువ్వలదిన్నె అనే జాలర్ల ఊళ్లో ఉన్న ఒకమ్మాయి లింకు తెరుచుకోవడం లేదని, పరీక్ష పోతుందని ఏడ్చింది. మనసాగక వీడియో మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. రెండు రోజుల్లో అది అక్కడి రేవంతా తిరిగింది.

"పాఠం కోసమే కదా మేడమ్, తప్పేముంది?" అని, పిలిచి అడిగిన మేడమ్‌నే దబాయించాను.

"పిలకాయలకి చూపించినావు, సంతోషం. ఊరంతా పంచేదానికి మనకియ్యలేదమ్మా. తీసినాయన్ని ఒక్క మాట అడగొద్దా?"

ఆ అమ్మాయి ఇబ్బంది చెప్పి, పొరపాటు లైబ్రరీదేనని ఆ దర్శకుడికి తనే ఉత్తరం రాశారు. నా పేరు ఎక్కడా లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కోప్పడకపోగా, ఆ అమ్మాయి ఫోనుకు సరిపడే చిన్న ఫైలు పంపారు. గ్రూపులోది చెరిపేయమని మేడమ్ ప్రతి విద్యార్థికీ ఫోన్ చేస్తుంటే, పక్కన కూర్చుని నంబర్లు చదివాను.

"అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ. మనకే అడిగేదానికి బద్ధకం," అని నవ్వారు.

పొద్దున్నే మా స్టాఫ్ గ్రూపులో ఎవరైనా పూల ఫొటో పంపితే, "ఇది ఎవరు తీసినారమ్మా?" అని జవాబు పెట్టేవారు. వెనక నవ్వుకునేవాళ్లం. ఈ వారం రోజులుగా ఆ ప్రశ్న కోసం ఏదో ఒక పువ్వు పంపాలనిపిస్తోంది.

నిరుడు మేడమ్ రిటైరయ్యే ముందు, కొత్త విద్యార్థుల కోసం ఇతరుల వీడియోలు, ఫొటోలు అడిగి వాడుకునే నియమాలన్నీ ఆమె చేత చెప్పించి ఫోన్లో రికార్డు చేశాను. "ఈ బ్యాచికి చూపించుకో. ఇంకెవరికైనా అయితే నన్నడుగు," అన్నారు.

ఇప్పుడు పాత విద్యార్థులందరూ ఆ వీడియో గ్రూపులో పెట్టమంటున్నారు. మేడమ్ గొంతు వినాలని ఉందట. నాకు మాత్రం లేదా? రోజూ తలుపు వేసుకుని ఒక్కదాన్నే చూస్తున్నాను. పంపడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. చివర్లో ఆమె కళ్లద్దాలు తీసి, ఫోన్ వెనకున్న నావైపు చూసి, "ఇంకేమన్నా అడిగేది ఉందామ్మా?" అంటారు. వీడియో అక్కడ ఆగిపోతుంది.