కరియకు పూసిన పొడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకన్నా పురుగులకే మర్యాద ఎక్కువ. కర్ణాటక సరిహద్దులో నంగలి దగ్గర పల్లె మాది, పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఉన్న మూడు గదుల్లో పెద్దది, గాలి బాగా ఆడేది వాటిది. మేమంతా మిగిలిన రెండింటిలో సర్దుకునేవాళ్లం. కాళ్లూ చేతులూ కడుక్కోకుండా ఆ గదిలోకి పోకూడదు, ముఖానికి పౌడరు రాసుకుని పోకూడదు. మా తాతయ్య బీడీ కాల్చాలంటే వీధి చివరిదాకా నడవాల్సిందే. ఇక పంటలకు చల్లే పురుగుల మందును చిటికెడు కూడా మా ఇంటి ఛాయలకు రానిచ్చేవాళ్లు కాదు. ఎందుకు రానివ్వరో పెద్దవాళ్లకు తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంట్లో లేని వస్తువు గురించి పిల్లకు చెప్పాల్సిన పనేముంది అనుకున్నారేమో.

కరియ మా కుక్క. ఒళ్లంతా నలుపు, అందుకే కన్నడంలో ఆ పేరు. పురుగుల గది గడప బయట పడుకుని ఎలుకల్నీ ఉడుతల్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. తాను మాత్రం ఏనాడూ లోపల అడుగు పెట్టలేదు. ఎవరూ కొట్టి నేర్పలేదు, దానికే తెలిసిపోయింది. నేను బడి నుంచి వచ్చే వేళకు ఊరి బయట నీళ్లు పారే వంకదాకా ఎదురొచ్చేది. నా సంగటి ముద్దలో సగం దానిది. అడుక్కుని తినడం కాదు, హక్కుగా తినేది.

ఆ ఏడు వానలు పడగానే దానికి గోమార్లు పట్టాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడ మడతల్లో రక్తం తాగి ఉబ్బి వేలాడుతుండేవి. అది గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుంది. మా నాయన ఒకరోజు దాన్ని కాలితో పక్కకు జరిపి, "నాలుగో జ్వరం అయ్యేలోపల ఇది బాగు కావల్ల. లేకుంటే యాడన్నా ఇడిసిపెట్టి వస్తా" అన్నాడు. పట్టుపురుగు మేత మాని, పాత చర్మం విడిచి, కొత్తది తొడుక్కునే రోజును మా వైపు జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇక గూళ్లు కట్టే కాలం. అంటే నాకు అటూ ఇటూగా వారం రోజులుంది.

మా అవ్వకు ఈ పని తెలుసు. టెంకాయ చిప్పలో కాస్త కిరసనాయిలు పోసుకుని, కరియను ఎండలో పడుకోబెట్టి, గోమారిని తల దగ్గర పట్టి మెల్లగా లాగి చిప్పలో వేసేది. చెవి తిరగేసి చూడాలి, వేళ్ల మధ్య చూడాలి, తోక కింద చూడాలి. పుండు మీద పసుపు పెట్టేది. "దినమూ ఒక చెవి, ఒక కాలు చూస్తే చాలమ్మీ. తొందరేముంది, ఇది యాడికీ పోదు" అనేది. నేను రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు చూస్తే తీసినన్ని మళ్లీ కనిపించాయి. గడువు అవ్వకు గుర్తు లేదేమో, నాకు మాత్రం నిద్రలో కూడా గుర్తే.

పక్కింటి అక్క వాళ్లు టమోటా వేసేవాళ్లు. నేను ఏడుపు మొహంతో కనిపిస్తే ఆమే పిలిచి ఒక పొట్లం చేతిలో పెట్టింది. "చెట్లకు చల్లే పొడి. మా ఎనుముకు కూడా ఇదే పూసినాను. రొంత రుద్దు, తెల్లారేసరికి ఒగటి మిగలదు" అంది. ఆమె చెడ్డది కాదు. తనకు తెలిసిన వైద్యం చెప్పింది, అంతే. నేను కరియను ఒళ్లో పడుకోబెట్టుకుని రొంత కాదు, పొట్లమంతా రుద్దాను. అది కదలకుండా పడుకుంది. చేసేది నేను కదా, మంచే చేస్తాననుకుంది.

అంతలో అవ్వ ఆకు తెమ్మని కేక వేసింది. చేతులు కడుక్కున్నాను, కాళ్లు కూడా కడుక్కున్నాను. ఆ విషయంలో నేను బుద్ధిమంతురాలినే. తోటలో కోసిపెట్టిన మల్బరీ ఆకును పావడ ఒడిలో నింపుకుని వచ్చి, పురుగుల తట్టల మీద పరిచాను. కుక్కను పడుకోబెట్టుకున్న ఒడి అదే. నాకు తట్టనే లేదు.

సాయంత్రానికి పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతూ పచ్చటి రసం కక్కడం మొదలుపెట్టాయి. బయట గడప దగ్గర కరియ వణుకుతోంది, నోట్లోంచి నురగ కారుతోంది. తన ఒళ్లు తానే నాకింది మరి. నాయన పురుగుల్ని చూశాడు, కుక్కను చూశాడు. రెండూ కలిపి తనకు తోచింది నిజమనుకున్నాడు. కుక్క లోపలికొచ్చింది, దాని రోగం పురుగుకు తగిలింది. "దీన్ని లోపలికి ఇడిసింది ఎవురు?" అని ఇల్లు అదిరేలా అరిచాడు. నేను గోడకు అతుక్కుపోయాను.

అవ్వ నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. పావడ ఎత్తి వాసన చూసింది. పక్కింటి టమోటా మందని పట్టేసింది. పావడ విప్పించి తానే ఉతికేసింది. "నోరెత్తద్దు. మీ నాయన ఎముకలు ఇరగ్గొడతాడు. నేను చూసుకుంటా" అంది. తర్వాత కరియను బావి దగ్గరికి మోసుకుపోయి, బిందెల కొద్దీ నీళ్లు పోసి, కుంకుడు రసంతో ఒకటికి నాలుగుసార్లు కడిగింది. మళ్లీ నాక్కోకుండా ఒంటికి గోనెపట్టా చుట్టింది. దాని తల తొడ మీద పెట్టుకుని కూర్చుంది. మరునాటి మధ్యాహ్నానికి అది లేచి కాస్త అంబలి తాగింది. బతికింది.

సగం తట్టలు పెంటగుంటలో పారబోసి వచ్చిన నాయన ఆ సంగతేమీ పట్టించుకోలేదు. మూడో రోజు టమోటా లారీలో దాన్ని ఎక్కించుకుని ముళబాగిలు పోయాడు, ఒక్కడే తిరిగొచ్చాడు. లారీ ఎక్కేటప్పుడు కరియ ఎంత సంబరపడిందో. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. మాట్లాడొద్దని. నేను మాట్లాడలేదు.

అవ్వ దయగలది, ఆ మాట ఇప్పటికీ కాదనను. ఆమె నన్ను దెబ్బల నుంచి కాపాడింది, పక్కింటితో జగడం కాకుండా కాపాడింది. మమ్మల్నందర్నీ కాపాడాక మిగిలింది నోరు లేని జీవం ఒక్కటే. నేరం దాని మీద పెడితే అది కాదనదు కదా. దయ అంటే ఇంత చవకగా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

ఇప్పుడు మారికుప్పంలో ఉంటున్నాను. ఇంట్లో ఎప్పుడూ ఒక కుక్క ఉంటుంది. వెర్రికుక్క రోగానికి సూది, కడుపులో పురుగులకు మాత్ర, అన్నీ తేదీ తప్పకుండా వేయిస్తాను. గోమార్లకు పశువుల డాక్టరు దాని బరువు చూసి ఇచ్చిన మందే వాడతాను. అది వేసినా దినమూ ఎండలో కూర్చుని చెవులు తిరగేసి చూస్తాను. కుక్కలంటే ఈమెకు ప్రాణం అని మా వీధిలో అంటారు. అననీ. ప్రాణం కాదు, భయం. ఆ భయం ఎక్కడిదో నేను ఎవరికీ చెప్పలేదు.

కరియను వదిలేసిన నాలుగు నెలలకు చిత్తూరులో పెళ్లికని, ఆ బస్సులు నంగలిలో ఆగవు కాబట్టి, నాయనతో ముళబాగిలు బస్టాండుకు పోయాను. చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉంటే, లారీల సందులోంచి ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది. వెంట్రుకలు రాలి, చర్మం తేలి, ఒక కాలు ఈడుస్తోంది. తిన్నగా నా కాళ్ల మీద పడి మూలుగుతూ చుట్టూ తిరిగింది. నాయన వంగి దాని మొహంలోకి చూశాడు. అప్పటికి ఆయన కోపం చల్లారిపోయింది. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

"మన కరియ మాదిరి ఉండాదే అమ్మీ. మనదేనా?"

అవునంటే ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఆయన చెయ్యి అప్పటికే దాని తల మీద ఉంది. కానీ అది ఇంటికొస్తే ఆ రోజు సంగతి కూడా వస్తుంది, ఎవరు లోపలికి వదిలారో మళ్లీ అడుగుతాడు.

"కాదు నాయనా, మనది కాదు" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. బస్సొచ్చింది, ఎక్కాం. అది ఈడుస్తున్న కాలితోనే మా కిటికీ పక్కన కొంతదూరం పరుగెత్తింది, నన్నే చూస్తూ, తోక ఊపుతూ. ఆ రోజు అది నన్ను కరిచి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.