మందుగుండు గేటు దగ్గర పిన్ని

యుద్ధం మొదలైన కొత్తల్లో ఎక్కడో ఒక ఆయుధాల గోదాం తగలబడింది. నిప్పు దానంతటదే పుట్టిందో, శత్రువు మనిషి పెట్టాడో తేలలేదు. దాంతో ప్రభుత్వం అన్ని గోదాములకూ కట్టుదిట్టం చేసింది. అగ్గిపెట్టె, ఇనుప పిన్ను, మేకులు కొట్టిన చెప్పు, ఏదీ లోపలికి పోకూడదు. ఈ ఊరి గోదాం గేటు దగ్గర, పనికి వచ్చే ఆడవాళ్లను తడిమి చూడటానికి ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. వీధంతా పిన్ని అని పిలిచే ఆవిడకు ఆ ఉద్యోగం దొరికింది.

ఎవరింట్లో ఏం ఉడుకుతోందో గోడ అవతలి నుంచే పసిగట్టే మనిషి. ఇన్నాళ్లూ ఊరికే చేసిన పనికి ఇప్పుడు జీతం కూడానా అని మొగుడే నవ్వాడు.

కోడలూ అక్కడే తుపాకీ గుళ్లు పెట్టెల్లో సర్దేది. కొడుకు యుద్ధంలో ఉన్నాడు. అత్తాకోడళ్ల జీతాలతోనే ఇల్లు గడవాలి. పిన్ని కోడలిని ఇంటి గుమ్మంలోనే తడిమేది. కలిసే నడిచి వస్తారు కదా, గేటు దగ్గర మళ్లీ ఎందుకని వదిలేసేది.

ఒకనాడు వరుసలో వెనకున్నామె మూతి తిప్పింది. "మేమంతా దొంగలం, మీ కోడలొక్కతే వజ్రమా పిన్నీ?"

పిన్నికి రోషం పొడుచుకొచ్చింది. అందరి ముందే కోడలి కోటు జేబులో చెయ్యి పెట్టింది. అగ్గిపెట్టె తగిలింది.

ఆ ఉదయం గుమ్మం దాటాక, పొయ్యి ఆరిపోయిందని మామగారు కేకేస్తే కోడలు వెనక్కి పరిగెత్తింది. వెలిగించి, తొందరలో పెట్టెను జేబులో వేసుకుంది. దొరికితే ఉద్యోగం ఊడుతుంది, ఆపైన పోలీసులు.

పిన్ని గుప్పిట మూసింది. ఎవరూ చూడలేదు. కానీ లోపల ఎన్ని మందుగుండు పెట్టెలున్నాయో, వాటి మధ్య ఎంతమంది ఆడవాళ్లు నిలబడతారో ఆమెకు తెలుసు. గుప్పిట తెరిచి అధికారిని పిలిపించింది.

"దీనిది మతిమరుపు బాబూ. రోజూ చూడకుండా పంపిన తప్పు నాది. తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

అధికారి ఏదో అనబోయేలోగా మూతి తిప్పినామే ముందుకొచ్చింది. "కోడలినే పట్టిచ్చిన మనిషి ఇంకెవర్ని వదుల్తుంది సారూ? ఈవిడుంటేనే మాకు ధైర్యం."

వరుసంతా అవునంది. ఆయన కోడలిని వారం పాటు పనికి రావొద్దన్నాడు. పిన్నికి గట్టిగా చీవాట్లు పెట్టాడు. అంతటితో సరిపెట్టాడు.

ఆ వారమంతా కోడలు ముభావంగానే ఉంది. అడిగినదానికి ఊఁ అనడమే. తిరిగి పనికొచ్చిన రోజు మాత్రం వరుసలో అందరికన్నా ముందు నిలబడి చేతులు చాచింది.

"కొప్పులో కూడా చూడండి అత్తయ్యా. తర్వాత ఇంట్లో సణగొద్దు."

పిన్ని కొప్పు విప్పి మరీ చూసింది.