నైవేద్యానికి ముందు తీసిన గిన్నె

వినాయక చవితికి చోడవరంలో మా పక్కింటి పెద్దావిడ ఏటా పులిహోర తెచ్చేది. మా చర్చిలో ప్రసాదం ముట్టకూడదంటారు. మా ఆయన ఉన్నన్నాళ్లూ గుమ్మంలోనే నవ్వుతూ ఏదో చెప్పి పంపేసేవారు. ఆయన పోయాక వచ్చిన మొదటి చవితి అది. వద్దనమని చెప్పడం ఎవరికైనా తేలికే. ఆదివారం దాటితే నా తలుపు తట్టే మనిషి ఆవిడొక్కతే.

పొద్దున్నే మోకరించి, “ప్రభువా, ఏం చెప్పాలో నువ్వే చెప్పు” అని అడిగాను. ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాను. ఈలోగా తలుపు చప్పుడైంది.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ గిన్నె నా చేతిలో పెట్టింది.

“ఏటి ఆలోసిస్తన్నావమ్మా? ఇది పెసాదం కాదు. మా దేవుడికింకా పెట్టలేదు. ముందు నీకే తీసేను. మీ దేవుడికి సెప్పుకుని తిను.”

నైవేద్యం కాకముందు ఉప్పు సరిపోయిందో లేదో కూడా రుచి చూడని మనిషి ఆవిడ.

“మీకది తప్పు కాదా అక్కా?” అన్నాను.

“తప్పే. మా దేవుడితో నేను సెప్పుకుంటాన్లే” అని, ఇంటినిండా చుట్టాలున్నారంటూ వెళ్లిపోయింది.

పొద్దున అడిగినదానికి జవాబు ఇదేనని నాకు అనుమానం లేదు. ఒక్కదాన్నే కూర్చుని ప్రార్థన చేసుకుని, ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

“ఉప్పు తగ్గిందండీ” అన్నాను, మా ఆయన కూర్చునే వైపు తిరిగి.