ఆ వారం మార్కెట్ ఎందుకు పడిందంటే

ఇన్నేళ్లుగా ఒక తుమ్మును మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. తుమ్మింది నేను కాదు. ఆ తుమ్ము మీదికి ఒక పచ్చి అబద్ధాన్ని తోసింది నేను. మా ఆయనకు చెప్పలేదు. ఎన్నిసార్లు కొండెక్కి దండం పెట్టుకున్నానో, ఆ దేవుడికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. "అప్పుడు చిన్నపిల్లవు కదమ్మా" అని జాలి పడేట్టయితే ఇక్కడే ఆపేయండి. చిన్నపిల్లను కాదు. డిగ్రీ పాసైనదాన్ని.

అప్పుడప్పుడే షేర్ల వ్యాపారం కంప్యూటర్ల మీదికి వచ్చింది. తిరుపతిలో ఒక స్టీలు సామాన్ల అంగడి మీద, మేడ గదిలో మా ఆఫీసు. కంప్యూటరు ముందు కూర్చుని, కొనమంటే కొనడం, అమ్మమంటే అమ్మడం నా పని. ఇంకో పని కూడా ఉండేది. శనివారం శనివారం వాకిలి పక్క బోర్డు మీద ఆ వారం మార్కెట్ సంగతి రాయాలి. ఎంత పెరిగింది, ఎంత పడింది, ఎందుకు. ఆ "ఎందుకు" దగ్గరే వచ్చేది తంటా. బొంబాయిలో ఎవరు ఎందుకు అమ్మారో తిరుపతిలో కూర్చున్న నాకేం తెలుసు? మా యజమానిని అడిగితే, "సెంటిమెంట్ అని రాసెయ్ పాపా, ఎవురూ అడగరు" అన్నాడు. పెరిగితే మదుపరుల సెంటిమెంట్ బలపడింది. పడితే దెబ్బతింది. బాగానే జరిగిపోయింది.

కానీ ఇంగ్లీషు పేపర్లో సెంటిమెంట్ అంటే జనం ధైర్యం, జనం భయం. మన దగ్గర ఆ మాటకు అర్థం వేరు. కలిసొచ్చిన చొక్కా. ఎదురొచ్చిన మనిషి. మా ఆఫీసులో నా బోర్డును అందరూ ఆ రెండో అర్థంతోనే చదివేవాళ్లు. మార్కెట్ పెరుగుతున్నన్నాళ్లూ ఒకాయన అదే గళ్ల చొక్కా ఉతక్కుండా వేసుకొచ్చేవాడు, పక్కన కూర్చోలేక చచ్చేవాళ్లం. ఇంకొకాయన మెట్లమీద కుడికాలు తప్పితే కిందికి దిగి మళ్లీ ఎక్కేవాడు. సోమవారం పొద్దున నా స్క్రీనుకు కుంకుమ బొట్టు. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఇది గుర్తుంచుకోండి. నేను నమ్మలేదు.

అంతమంది మగవాళ్లలో వచ్చే ఒకే ఒక్క ఆడమనిషి కమలక్క. పక్క సందులో కారం పట్టే మిషను నడిపేది. పైటకొంగు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. మధ్యాహ్నం మిషను ఆపి వచ్చి చివరి కుర్చీలో కూర్చునేది. పొద్దంతా మిరపకాయల్లో ఉండే మనిషికి తుమ్ములు రాక ఏమొస్తాయి? ఆమె తుమ్మితే గదంతా అదిరేది. "కమలమ్మొచ్చింది, గొడుగులు తీయండప్పా" అని వాళ్లు ఎగతాళి చేస్తే అందరికన్నా ఆమే ఎక్కువ నవ్వేది. మిషను ఉన్న స్థలం అద్దెది. దాన్ని కొనుక్కోవాలని ఆమె మిగిలిందంతా షేర్లలో పెట్టింది. "స్థలం నాదైతే సాలు పాపా, నన్ను కదిపే మొగోడు ఉండడు" అని రోజూ చెప్పేది.

తర్వాత మార్కెట్ పడడం మొదలైంది. అందరి మొహాలూ మాడిపోయిన ఒక శుక్రవారం మునిరత్నం నాయుడు తన షేర్లన్నీ అమ్మేయమన్నాడు. ఆ గదిలో అందరికన్నా పెద్ద ఆసామి, అందరికన్నా పెద్ద నోరు ఆయనదే. రెండు వందల పద్నాలుగుకు అమ్మమంటే నేను రెండు వందల నలభై ఒకటి కొట్టాను. అంకెలు తారుమారయ్యాయి, అంతే. పడుతున్న షేరును ఆ ధరకు కొనేదెవరు? నేను చూసుకునేసరికి అది ఒక్క రోజులో ఇంతకు మించి పడకూడదని పెట్టిన హద్దు దాకా పడిపోయి, కొనే దిక్కు లేక నిలబడిపోయింది. ఆ ఆర్డరును చప్పుడు కాకుండా తీసేశాను.

"ఏమ్మా, అమ్మినావా లేదా?" అని నాయుడు లేచి వచ్చాడు. స్క్రీను మీది నుంచి కళ్లు తీయకుండా అన్నాను: "మీరు చెప్పంగానే ఆయక్క తుమ్మింది సార్. ఎందుకులే అని ఒక్క నిమిషం ఆగినాను. ఇంతలో పడిపాయ."

ఆమె తుమ్మింది నిజమే. నేను తప్పు ధర కొట్టిన తర్వాత తుమ్మింది.

నా మాటను ఎవరైనా తప్పు పడతారేమోనని చూశాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు పట్టలేదు. తుమ్మితే ఆగాలి కదా, వాళ్లైనా ఆగేవాళ్లే. నాయుడు నా వైపు చూడడం మానేసి చివరి కుర్చీ వైపు తిరిగాడు. "ఈయమ్మ కాలుపెట్టినప్పటి నుంచే ఈడ పడతా ఉండాది" అన్నాడు. ఇదీ ఎప్పటి ఎగతాళే అనుకుని కమలక్క నవ్వేసింది. మరునాడు నేను ఎప్పట్లాగే బోర్డు మీద "సెంటిమెంట్ దెబ్బతింది" అని రాశాను. వాళ్లు దాన్ని వేలు పెట్టి చూపించుకున్నారు. పాపే రాసింది గదా అన్నారు. నేను దాన్ని చెరిపేయలేదు.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదని రాస్తే మీరు నమ్ముతారు. మా నాయనకు మంచి జీతమే వచ్చేది. అంతమంది ముందు ఆ మనిషి చేత తిట్లు తినడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. వాళ్ల పిచ్చి నమ్మకాలను నేను పుట్టించలేదు కదా అని చాన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. పుట్టించలేదు, నిజమే. అయితే వాళ్లు నమ్మి అన్నారు, నేను నమ్మకుండానే అన్నాను. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

సోమవారం యజమాని నన్ను పిలిచి, "ఆడపిల్లవి, నువ్వే మెల్లిగా చెప్పు" అన్నాడు. మెట్ల మధ్యలో ఆమెకు అడ్డం నిలబడ్డాను.

"అక్కా, కొన్నాళ్లు పైకి రావద్దంటా ఉండారు."

"ఎవురు?"

"అందరూ. సెంటిమెంటంట."

ఆమె పకపకా నవ్వింది. "నేను తుమ్మితే బొంబాయిలో షేర్లు పడతాయా పాపా? అంత బలముంటే కారం పట్టుకుంటా ఈడెందుకు ఉంటాను?"

నేను నవ్వలేదు. ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

"సదువుకున్నేదానివి. నువ్వు గూడా నమ్ముతా ఉండావా?"

"నాకు తెలీదక్కా."

ఆమె ఎక్కిన మెట్టు దిగింది. "సరే, రాను. నావన్నీ అమ్మేసెయ్ పాపా, ఎంతొస్తే అంత. స్థలమాయన తొందర పెడతా ఉండాడు."

"చూస్తానక్కా" అన్నాను. పైకి వచ్చి కూర్చున్నాను. మనిషి రాకుండా అమ్మాలంటే యజమానికి చెప్పాలి; ఆ గదిలో ఆమె పేరెత్తితే తుమ్ము సంగతి మళ్లీ లేస్తుంది, ఎవరికో ఒకరికి అనుమానం వచ్చి నా ఆర్డర్లు తిరగేస్తారు అనిపించింది. ఎత్తలేదు. ఆమె కబురు పంపినప్పుడల్లా ఇంకొంచెం ధర రానీ అని తిప్పి పంపాను. ధర రాలేదు. పడుతూనే పోయింది. ఆమె చేతికి ఏమీ మిగల్లేదు. స్థలం వేరేవాళ్లు కొన్నారు, మిషను పీకేశారు, అక్కడిప్పుడు లాడ్జి ఉంది. కమలక్క శ్రీకాళహస్తిలో చెల్లెలింటికి వెళ్లిపోయింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇంతవరకూ చెప్పింది సులభం.

కొన్నేళ్ల తర్వాత తిరుచానూరులో నేను సొంతంగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పాలు పొంగిస్తున్న పొద్దున, అమ్మవారి దర్శనానికి వచ్చిన కమలక్క నన్ను చూసి ఆగింది. మురుక్కాలవ అవతలే నిలబడిపోయింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. లోపలికి రా అక్కా అన్నాను. "వద్దు పాపా. శుభమా అని మొదులుపెట్టుకుంటా ఉండావు, నాకు తుమ్మొస్తే? ఆ పొద్దు గూడా నా వల్లే గదా నీకు మాటొచ్చింది" అంది.

నమ్మేసింది. అంత నవ్విన మనిషి నమ్మేసింది. నేను వేసిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా తన ఒంటి మీద మోసుకు తిరుగుతోంది. అప్పుడు చెప్పి ఉండాలి. కాలవ దాటి వెళ్లి చెయ్యి పట్టుకుని చెప్పి ఉండాలి. ఎందుకు వెళ్లలేదు? సిగ్గా? అదీ ఉంది. కాని దానికంటే లోపల, నా షాపు ముందు, పాలు పొంగుతున్న ఆ నిమిషాన, ఆమె లోపలికి రాకపోతేనే మంచిదని నాకు అనిపించింది. నాకే! ఎన్నడూ నమ్మని నాకు. రెండోసారి పిలవలేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది ఆమె, ఆమెకు చెప్పలేదు. రేపు శ్రీకాళహస్తి బస్సెక్కుతానని మీ ముందు ప్రమాణాలు చేయను, చేస్తే అదింకో అబద్ధమవుతుంది. తప్పు ధర కొట్టింది నేను. కమలక్కకు దానితో ఏ సంబంధమూ లేదు. ఈ రెండు ముక్కలు రాసి పైకి చదువుకున్నాను, ఊపిరి కాస్త ఆడింది. ఆడినందుకు నేను సిగ్గుపడను. చూశారా, ఇంత చేసీ ఆమె పేరే రాశాను, నా పేరు దాచుకున్నాను. తెలిసే దాచుకున్నాను. తిట్టుకోండి.