కబడ్డీ జట్టుకు యజమానిగా

మా అక్క భర్త బొగ్గుగనిలో కార్మికుల మీద సర్దారుగా పదవీ విరమణ చేసిన మరుసటి నెలనే గని కాలనీల కబడ్డీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఎన్నిక జరిగినట్లు ఎవరికీ జ్ఞాపకం లేదు. ఏ ఆటగాడు ఏ జట్టులో చేరవలెనో, ఎవరితో ఎవరు తలపడవలెనో, సమస్తమూ ఆయన నోటిమాటతోనే తేలేది. ఆయన ఈల వినబడితే, దినమంతా భూగర్భంలో బొగ్గుతో పెనుగులాడే దేహాలు సైతం బిగుసుకుపోయేవి.

ప్రతి జట్టుకూ చదువుకున్న యజమాని ఒకడుండాలని ఒకనాడు ఆయన శాసించాడు. మంథనిలో ప్రాచీన కావ్యాలు అభ్యసించి, గోదావరిఖని బడిలో తెలుగు బోధించి, విశ్రాంతిగా ఉన్న నేను ఆయన కంటబడ్డాను.

"బావా, నాకు కబడ్డీ రాదు."

"యజమానికి ఆట రావాల్నని ఎవడన్నడు బామ్మర్ది? కుర్చీల కూసునుడు వస్తది గద? సాలు!"

కూర్చున్నాను. కూర్చున్నకొద్దీ ఆ ఏడుగురి మీద నాకు మమకారం ఏర్పడింది. తొలి ఆటకు ముందు వారిని ఉత్సాహపరచదలచి, "యోధులారా! శత్రువ్యూహమును ఛేదించి విజయకేతనమును నిలుపుడు!" అన్నాను. జట్టు నాయకుడు, గనిలో పైకప్పుకు దన్నుగా దుంగలు నిలిపే కార్మికుడు, తోటివారి ముఖాలు చూసి అడిగాడు.

"సారూ, గిది దీవెననా, తిట్టా?"

"దీవెనయే నాయనా."

"ఐతే జర జల్ది కానియ్యుండ్రి. కాళ్లు సల్లవడుతున్నయ్."

ఆ ఆటా ఓడాము, తరువాతివీ ఓడాము. చివరికి అట్టడుగున నస్పూరు జట్టూ మేమూ మిగిలాము. బావ తీర్పు చెప్పాడు.

"రెండిట్ల ఒకటి మూసేస్త. ఓడినోళ్లు గెల్సినోళ్లల్ల కలువాలె."

నాకు అన్నం సహించలేదు. నా జట్టు నస్పూరులో కలిసిపోతే నా కుర్చీ సంగతి అటుంచి, ఆ ఏడుగురినీ నావారని చెప్పుకొనే భాగ్యమే పోతుంది.

వాన కారణంగా ఆదివారపు ఆట వారం నడుమకు జరిగింది. మైదానం గని గేటు పక్కనే. ఇరుజట్లవారూ రెండో షిఫ్టువారే; ఆటకోసం సెలవు పెట్టి వచ్చారు. బావయే రిఫరీ.

చివరి క్షణాలకు ఇరుజట్లూ సమానంగా ఉన్నాయి. నస్పూరు ఆటగాడు "కబడ్డీ, కబడ్డీ" అంటూ మా బరిలోకి చొరబడ్డాడు. మావారు చేతులు గొలుసుకట్టి కమ్ముకొస్తున్నారు. నేను కుర్చీ ఎక్కి నిలుచున్నాను. సరిగ్గా అప్పుడు రెండో షిఫ్టు సైరన్ మోగింది.

వచ్చినవాడు నోరు మూశాడు. మావారు చేతులు విడిచారు. అందరూ బరి దాటి, బుద్ధిగా గని గేటు వైపు నడిచారు. ఇదేదో ఎత్తుగడ కాబోలునని భ్రమించి నేను చప్పట్లు కూడా కొట్టాను. నిర్ణయంకోసం రిఫరీ వంక చూద్దును గదా, బావ ఎవరిదో టిఫిన్ డబ్బా చంకనబెట్టుకొని అందరికన్న ముందు పోతున్నాడు!

"బావా, ఎటు?"

"ఎటేంది? డ్యూటీకి! హాజరు మస్టర్ మూస్తరు!"

గేటువద్ద కాపలాదారు చేయి అడ్డుపెట్టాడు.

"కాకా, నీ రిటైర్మెంటుకు దండేసింది నేనే గద!"

వెనుకనే వచ్చిన మా నాయకుడు నెత్తి కొట్టుకున్నాడు. "అరెరె, మనం లీవుల ఉన్నం రా బై!"

అందరూ తిరిగి వచ్చారు, కలహం మొదలైంది.

"మీ ఏడుగురు గీత దాటిండ్రు. అందరు ఔట్!" అన్నారు నస్పూరువారు.

"మీవోడే ముందుగాల దాటిండు!" అన్నారు మావారు.

ముందెవరో రిఫరీ చెప్పాలన్నారు. రిఫరీ డబ్బా మూత వంక చూస్తున్నాడు.

"అధ్యక్షా, తాము అగ్రభాగాన నడిచితిరి. వెనుక జరిగినది తమ కంటబడియుండదు," అన్నాను వినయంగా.

ఆయన నా చెవి దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్ది, మీ అక్కకు జెప్పకు. నిద్రల గుడ డ్యూటీకి తయారైతనని ఇప్పటికే నవ్వుతది."

"నా జట్టు ఉంటుందా?"

"ఉంటది తియ్యి." పిమ్మట గొంతు పెంచి, "ఆట రద్దు! కలుపుడు గిలుపుడు ఏం లేదు!" అని ఈల ఊదాడు.

మరుసటి ఏడూ మేము అట్టడుగుననే ఉన్నాము. బావ విలీనం మాట ఎత్తబోయినప్పుడల్లా నేను, "అక్కా, ఒకనాడు గేటు దగ్గర..." అని మొదలుపెడతాను. కథ పూర్తికాకముందే మా జట్టుకు కొత్త బనియన్లు వచ్చేస్తాయి.